కణం విడగొట్టుకోలేని కొవ్వు

మన ఒంట్లో ఒక ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. గడువు తీరిన కణాల్ని మాక్రోఫేజ్‌లు అనే పెద్ద కణాలు పట్టి మింగేస్తాయి. ఈ పని ఎక్కువగా ప్లీహంలోనూ కాలేయంలోనూ ఎముకల మూలుగలోనూ జరుగుతుంది. రోజుకు ఇలా పోయే ఎర్ర కణాలు దాదాపు 20 వేల కోట్లు. అయితే మింగడంతో పని సగమే అయినట్టు. మింగిన దాన్ని ముక్కలు చెయ్యాలి, పనికొచ్చే ముక్కల్ని ఒంటికి తిరిగి అప్పజెప్పాలి. ఆ రెండో సగం ఆగిపోతే ఏమవుతుందన్నదే ఈ పూట ప్రసంగం.

మన తెలుగు ఇళ్లలో పాతకాలం నుంచీ ఒక మాట ఉంది. పిల్లవాడికి ఎడమ డొక్క కింద గట్టిగా చేతికి తగిలితే, పొట్ట ముందుకొస్తే, "కడుపులో బల్ల పెరిగింది" అనేవారు. బల్ల అంటే వాచిన ప్లీహం. మలేరియా విరివిగా ఉన్న రోజుల్లో ఆ బల్లకు కారణం చాలావరకు మలేరియానే. ఇప్పటికీ ప్లీహం పెరిగిందంటే డాక్టర్లు ముందు చూసేవి అంటువ్యాధులు, రక్తానికి సంబంధించిన జబ్బులు, కాలేయపు జబ్బులు. చూడవలసిందే. కానీ అవన్నీ కావని తేలాక కూడా కొందరు పిల్లలు ఆ పరీక్ష, ఈ పరీక్ష అంటూ ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటారు. ఆ కొందరిలో ఉండగల ఒక జబ్బు పేరు గౌషే. ఇది స్ఫింగోలిపిడ్లు అనే ఒక జాతి కొవ్వును కణం విడగొట్టుకోలేకపోవడం వల్ల వచ్చేది.

కొవ్వు అనగానే మనకు నెయ్యి, నూనె, పొట్ట చుట్టూ చేరే మడత గుర్తొస్తాయి. ఇది ఆ కొవ్వు కాదు. దీనికీ తిండికీ సంబంధం లేదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది: జబ్బు పేరులో కొవ్వు అని వినగానే తల్లి తాను పెట్టిన తిండిలో తప్పు వెతుక్కుంటుంది. తప్పు అక్కడ లేదు. స్ఫింగోలిపిడ్లను కణం తనకు తానే తయారు చేసుకుంటుంది, తన పై పొరలో అమర్చుకుంటుంది. మెదడులో, నరాల మీది తొడుగులో ఇవి మరీ సమృద్ధిగా ఉంటాయి. లండన్‌లో పనిచేసిన జర్మన్ వైద్యుడు తుడికుమ్ 19వ శతాబ్దంలోనే మెదడు నుంచి వీటిని వేరు చేసి, 1884లో మెదడు రసాయన నిర్మాణం మీద వెలువరించిన గ్రంథంలో వర్ణించాడు. ఆయన జీవితకాలంలో ఆ పనికి దక్కవలసిన గౌరవం దక్కలేదు.

ఈ అణువు ఎలా ఉంటుందో చెప్పడానికి పొలంలో నిలబడ్డ చెరకు గడను తలచుకోండి. వేరు మట్టిలో ఉంటుంది, గడ కణుపులు కణుపులుగా పైకి ఉంటుంది. స్ఫింగోలిపిడ్‌లో వేరు భాగం పేరు సెరమైడ్, అది కణపు పొరలో దిగబడి ఉంటుంది. దాని మీద బయటికి నిలిచిన కణుపులు చక్కెర అణువులు. కొన్నింటికి ఒక్క కణుపే, కొన్నింటికి నాలుగైదు. మెదడులోని గాంగ్లియోసైడ్లు ఈ పొడవాటి రకం. ఈ గడను నరికే పద్ధతి ఒక్కటే: కొస నుంచి ఒక్కొక్క కణుపు చొప్పున రావాలి. మధ్యలో కొట్టడం కుదరదు. పైగా ఒక్కొక్క కణుపుకు ఒక్కొక్క కత్తి, అంటే ఒక్కొక్క ఎంజైమ్. ఒక కత్తి లేకపోతే కింద ఎన్ని కత్తులు సిద్ధంగా ఉన్నా వాటికి పని లేదు. గడ ఆ కణుపు దగ్గరే ఆగిపోతుంది.

ఈ నరికే పని జరిగే చోటు లైసోజోమ్. కణం లోపల పొరతో కట్టిన చిన్న సంచి అది. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ ద దువ్ 1955లో దానికా పేరు పెట్టాడు, 1974లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ సంచి లోపల బాగా ఆమ్లంగా ఉంటుంది, పీహెచ్ 5కు కాస్త తక్కువే. బయట కణద్రవంలో పీహెచ్ 7 దాటి ఉంటుంది. ఎంజైమ్‌లు ఆ ఆమ్లంలోనే చురుగ్గా పనిచేస్తాయి. ఒకవేళ సంచి చిట్లి బయటికి వచ్చినా అక్కడ వాటి జోరు తగ్గిపోతుంది. కణానికి అదొక రక్షణ.

ఇంకో చిక్కు ఉంది. ఎంజైమ్‌లు నీటిలో తేలేవి, సెరమైడ్ వేరు మాత్రం కొవ్వు పొరలో దిగబడి ఉన్నది. చిన్న గడ పూర్తిగా పొరకు ఆనుకుని ఉంటే ఎంజైమ్‌కు అందదు. దాన్ని కాస్త పైకెత్తి అందించడానికి ప్రత్యేకంగా కొన్ని చిన్న ప్రొటీన్లున్నాయి. వాటిని సాపోసిన్లు అంటారు. గాంగ్లియోసైడ్లకు విడిగా ఇంకో సహాయక ప్రొటీన్ ఉంది. జర్మనీ శాస్త్రవేత్త కోన్రాడ్ సాండ్‌హాఫ్ తన జీవితంలో పెద్ద భాగం ఈ సంగతుల మీదే వెచ్చించాడు. ఎంజైమ్ నిక్షేపంలా ఉండి, అందించే ప్రొటీన్ ఒక్కటి లేకపోయినా జబ్బు వస్తుందని తెలియడం ఈ పరిశోధనల ఫలితమే.

ఇప్పుడు గడను కొస నుంచి దించుకుంటూ వద్దాం. జీఎం1 అనే గాంగ్లియోసైడ్ ఉంది. దాని కొస చక్కెరను బీటా గెలాక్టోసిడేజ్ తీసేస్తే జీఎం2 మిగులుతుంది. తీసేవాడు లేకపోతే జీఎం1 పేరుకుంటుంది. జీఎం2 కొసను హెక్సోసామినిడేజ్ ఏ తీసేయాలి. అది లేకపోతే టే-సాక్స్ జబ్బు. ఆ తర్వాత ఇంకో రెండు కణుపులు దిగితే చివరికి ఒకే ఒక్క గ్లూకోజ్ అంటిన సెరమైడ్ మిగులుతుంది. దాని పేరు గ్లూకోసెరెబ్రోసైడ్. ఆ చివరి గ్లూకోజ్‌ను విడదీసేది గ్లూకోసెరెబ్రోసిడేజ్. అది సరిగా పనిచేయకపోతే గౌషే. ఆ మెట్టు కూడా దాటాక సెరమైడ్‌ను రెండు ముక్కలు చేసే ఎంజైమ్ ఉంది. అది లోపిస్తే ఫార్బర్ జబ్బు. అంతా సవ్యంగా జరిగితే స్ఫింగోసిన్ విడుదలై లైసోజోమ్ దాటి బయటికొస్తుంది, చాలా భాగం మళ్లీ కొత్త కొవ్వు కట్టడానికే వాడుకలోకి వస్తుంది.

పక్క దారులు కూడా ఉన్నాయి. నీమన్-పిక్ ఏ, బీ రకాలు స్ఫింగోమైలిన్ అనే ఇంకో స్ఫింగోలిపిడ్ తెగకపోవడం వల్ల వస్తాయి. ఫాబ్రీ జబ్బులో మూత్రపిండాలు, గుండె, రక్తనాళాలు దెబ్బతింటాయి. క్రాబే, మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ నరాల తొడుగును పాడుచేస్తాయి. ఒక్కొక్కటీ అరుదే. కానీ లైసోజోమ్ జబ్బులన్నీ కలిపి లెక్క వేస్తే పుట్టే ప్రతి 5 వేల నుంచి 8 వేల మందిలో ఒకరికి వస్తాయన్నది వైద్య గ్రంథాల్లో కనిపించే అంచనా.

టే-సాక్స్ గురించి కాస్త ఆగి చెప్పాలి. 1881లో లండన్ కంటి వైద్యుడు వారెన్ టే ఒక పసిబిడ్డ కంటి వెనకపొరలో తెల్లని మచ్చ నడుమ ఎర్రటి చుక్క చూశాడు. ఆరేళ్ల తర్వాత న్యూయార్క్ నరాల వైద్యుడు బెర్నార్డ్ సాక్స్ ఇలాంటి పిల్లల్లో మెదడు ఎలా క్షీణిస్తుందో రాశాడు. ఆ ఎర్ర చుక్క నిజానికి జబ్బు పడ్డ చోటు కాదు. చుట్టూ ఉన్న నాడీకణాల్లో జీఎం2 నిండి అవి తెల్లబారతాయి. నట్టనడుమ ఆ కణాలే ఉండవు కాబట్టి అక్కడ సహజమైన ఎరుపు అలాగే కనిపిస్తుంది. అంటే డాక్టరు కంటికి కొట్టొచ్చినట్టు కనబడే ఎరుపే ఆరోగ్యంగా ఉన్న భాగం.

బిడ్డ మొదటి కొన్ని నెలలు మామూలుగానే ఎదుగుతాడు. నవ్వుతాడు, బొమ్మను చూస్తాడు. తర్వాత చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం మొదలవుతుంది. బోర్లా పడటం వచ్చినవాడు అది మరిచిపోతాడు. చూపు పోతుంది, మూర్ఛలు వస్తాయి. నాలుగైదేళ్లు దాటి బతకడం అరుదు. దీనికి ఇవాళ్టికీ నయం చేసే మందు లేదు. తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో సుమారు 30 మందిలో ఒకరు ఈ జన్యు లోపాన్ని మోస్తున్నారు. 1971లో అమెరికాలోని బాల్టిమోర్ ప్రాంతంలో యూదు సమాజం, మైఖేల్ కబాక్ అనే వైద్యుడు కలిసి పిల్లలు కనబోయే వయసు వాళ్లందరికీ రక్తపరీక్ష చేయడం మొదలుపెట్టారు. ప్రార్థనా మందిరాల్లో శిబిరాలు పెట్టారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా, కెనడా యూదుల్లో ఈ జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య 90 శాతానికి పైగా తగ్గింది. మందు లేని జబ్బును ఒక రక్తపరీక్షతో, ఒక సమాజపు పూనికతో ఇంత తగ్గించిన సందర్భాలు వైద్య చరిత్రలో ఎక్కువ లేవు. అయితే టే-సాక్స్ యూదుల జబ్బు మాత్రమే అనుకోకూడదు. మన దేశంలోనూ ఈ జబ్బున్న పిల్లలున్నారు. గుజరాత్ కుటుంబాల్లో పదే పదే కనబడే ఒక జన్యు మార్పును మన పరిశోధకులే గుర్తించారు.

ఇక గౌషే. 1882లో ఫ్రాన్స్ వైద్య విద్యార్థి ఫిలిప్ గౌషే తన సిద్ధాంత వ్యాసంలో ప్లీహం విపరీతంగా పెరిగిన ఒక 32 ఏళ్ల స్త్రీ గురించి రాశాడు. ప్లీహం నిండా ఉబ్బిన కణాలు చూసి అదొక కణితి అనుకున్నాడు. ఆ కణాల్లో ఉన్నది గ్లూకోసెరెబ్రోసైడ్ అని తేలడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1934లో అది తెలిసింది. తెలిశాక సహజంగా వచ్చిన అనుమానం, ఈ రోగుల ఒళ్లు ఆ కొవ్వును అతిగా తయారు చేస్తోందేమోనని.

అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో రాస్కో బ్రాడీ అనే పరిశోధకుడు ఈ అనుమానాన్నే ముందు పరీక్షించాడు. రోగుల ప్లీహం ముక్కల్లో తయారీ ఎలా ఉందో కొలిచాడు. మామూలుగానే ఉంది. తయారీలో దోషం లేదంటే దోషం విడగొట్టడంలో ఉండి తీరాలి. దాన్ని పట్టుకోవాలంటే రేడియోధార్మిక కార్బన్ గుర్తు వేసిన గ్లూకోసెరెబ్రోసైడ్ కావాలి. అది ఎక్కడా దొరికేది కాదు. ప్రయోగశాలలో కష్టపడి తయారు చేయించారు. 1965లో ఫలితం వచ్చింది: గౌషే రోగుల కణజాలంలో ఆ చివరి గ్లూకోజ్‌ను విడదీసే ఎంజైమ్ పని బాగా తక్కువగా ఉంది. పూర్తిగా శూన్యం కాదు. అందుకే కొందరికి బాల్యంలోనే ముదురుతుంది, కొందరికి నడివయసు దాకా తెలియదు. ఆ తర్వాతి రెండేళ్లలో నీమన్-పిక్, ఫాబ్రీ జబ్బుల ఎంజైమ్‌లను కూడా బ్రాడీ బృందం గుర్తించింది.

నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆ తర్వాతి పాతికేళ్ల కథ. లేనిది ఎంజైమ్ అయితే బయటి నుంచి ఎక్కించవచ్చు కదా అని చెప్పడం తేలిక. మనిషి ఎంజైమ్ ఎక్కడ దొరుకుతుంది? కాన్పు తర్వాత పడే మాయలో దొరుకుతుందని తేలింది. మాయల నుంచి దాన్ని శుద్ధి చేసి 1970ల మొదట్లో ఇద్దరు రోగులకు ఎక్కించారు. కాలేయంలో పేరుకున్న కొవ్వు కొంత తగ్గింది. 1974లో అది ప్రచురించారు. ఆశ పుట్టింది. కానీ తర్వాతి ప్రయత్నాల్లో ఫలితం నిలకడగా రాలేదు. ఎందుకని వెతికితే, ఎక్కించిన ఎంజైమ్‌లో ఎక్కువ భాగం కాలేయంలోని మామూలు కణాలే తీసేసుకుంటున్నాయి. కొవ్వు పేరుకున్నది మాత్రం మొదట చెప్పుకున్న, ఎర్ర కణాల్ని మింగే మాక్రోఫేజ్‌లలో.

పరిష్కారం ఎంజైమ్ మీది చక్కెర గొలుసుల్లో దొరికింది. ఆ గొలుసుల కొసలు కత్తిరిస్తే మానోజ్ అనే చక్కెర బయటపడుతుంది. మాక్రోఫేజ్ పై పొరలో మానోజ్‌ను పట్టుకునే గ్రాహకాలున్నాయి. అలా కత్తిరించిన ఎంజైమ్ చేరవలసిన కణంలోకి చేరడం మొదలైంది. 1991లో 12 మంది రోగుల మీద ఫలితాలు వెలువడ్డాయి. హిమోగ్లోబిన్ పెరిగింది, ప్లీహం తగ్గింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం ఆ మందుకు అనుమతి ఇచ్చింది. అయితే ఒక్క రోగికి ఏడాదికి సరిపడా మందు తీయాలంటే వేలాది మాయలు కావాలి. 1994లో జన్యు ఇంజినీరింగ్ పద్ధతిలో, చైనీస్ హ్యామ్‌స్టర్ కణాల్లో తయారైన ఇమిగ్లూసెరేజ్ వచ్చాక ఆ అవసరం తీరింది. మొదటి అనుమానం నుంచి ఈ మందు దాకా ఒక మనిషి ఉద్యోగ జీవితమంత కాలం పట్టింది. మధ్యలో విఫలమైన ప్రయోగాలు ఎన్నో. ఆ వైఫల్యాల్ని దాచకుండా ప్రచురించారు కాబట్టే తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో తెలిసింది.

తర్వాత ఇంకో దారి కూడా దొరికింది. విడగొట్టే శక్తి తక్కువగా ఉంటే తయారీనే కాస్త తగ్గిద్దాం అన్నది ఆ ఆలోచన. మిగ్లుస్టాట్, ఎలిగ్లుస్టాట్ అనే నోటి మందులు ఆ పనే చేస్తాయి. ఎలిగ్లుస్టాట్ మొదట పెద్దవాళ్లలో మొదటి రకం గౌషేకు, అంటే మెదడు జోలికి పోని రకానికి, అనుమతి పొందింది.

మెదడు మాత్రం ఇంకా అందని చోటే. రక్తంలో ఎక్కించిన ఎంజైమ్ మెదడులోకి దాటదు. గౌషేలో రెండో రకం పసిబిడ్డల మెదడునే దెబ్బతీస్తుంది, చాలామందిలో రెండేళ్లు నిండకముందే ప్రాణం తీస్తుంది. మూడో రకంలో ఎంజైమ్ మందుతో ప్లీహం, రక్తం, ఎముకలు బాగుపడతాయి, నరాల సంగతి అలాగే ఉండిపోతుంది. మన దేశపు రోగుల్లో ఎక్కువగా కనబడే జన్యు మార్పు నరాల జబ్బుకు దారితీసే తరహాది కావడం మనకు మరీ బాధ కలిగించే విషయం. ఇతర జబ్బుల్లో మాత్రం ఒక తలుపు కొంచెం తెరుచుకుంది. 1968లో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం రెండు వేర్వేరు లైసోజోమ్ జబ్బుల కణాల్ని ఒకే పాత్రలో పెంచితే ఒకదాని లోపం ఇంకొకటి తీర్చడం చూసింది. ఒక కణం విడిచిన ఎంజైమ్‌ను పక్క కణం తీసుకోగలదన్నమాట. ఆ సూత్రం మీదే మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీకి జన్యుచికిత్స వచ్చింది. బిడ్డ రక్త మూలకణాల్ని తీసి, సరైన జన్యువు చేర్చి, తిరిగి ఎక్కిస్తారు. వాటి సంతతి మెదడుకు చేరి అక్కడ ఎంజైమ్ అందిస్తుంది. ఐరోపాలో 2020లో, అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. కానీ లక్షణాలు పైకి రాకముందే, లేదా తొలి దశలోనే చేయాలి. అమెరికాలో 2024లో దాని ధర 42 లక్షల 50 వేల డాలర్లుగా ప్రకటించారు.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. ఫాబ్రీని మినహాయిస్తే నేను చెప్పిన జబ్బులన్నిటిలో లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఒక్కటే ఉన్నవాళ్లకు ఈ జబ్బు రాదు, తమలో అది ఉందని తెలియను కూడా తెలియదు. కాబట్టి కోడలి వైపు వాళ్ల వల్ల వచ్చిందని అత్తవారు అనడం శుద్ధ తప్పు. ఇద్దరి వాటా సమానం. మేనరికంలో ఏమవుతుందంటే, మేనత్త, మేనమామ పిల్లల మధ్య 8లో ఒక వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామకు మేనకోడలినిస్తే 4లో ఒక వంతు. ఉమ్మడి తాత దగ్గర ఉన్న ఒక్క లోపం రెండు వైపుల నుంచీ దిగివచ్చి బిడ్డలో కలుసుకునే అవకాశం అందువల్ల పెరుగుతుంది. మేనరికం చేసుకున్న వాళ్లందరి పిల్లలకూ జబ్బు రాదు, బంధుత్వం లేని దంపతులకు రాకుండానూ పోదు. కానీ ఇంట్లో అలాంటి బిడ్డ ఒకరు పుట్టి ఉంటే, మళ్లీ మేనరికం కలపబోయే ముందు జన్యు సలహా తీసుకోవడం ఎంతైనా అవసరం.

ఇంకో పొరపాటు నమ్మకం. నలుగురిలో ఒకరికి వస్తుందని డాక్టరు చెబితే, పెద్దబిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురూ క్షేమం అనుకునే తల్లిదండ్రులున్నారు. అలా కాదు. ప్రతి గర్భానికీ ఆ 25 శాతం మళ్లీ కొత్తగా ఉంటుంది. మొదటి బిడ్డలో జన్యు మార్పు ఏదో కచ్చితంగా తెలిసి ఉంటే, రెండో గర్భంలో మూడో నెల చివర్లోనే మాయ నుంచి చిన్న నమూనా తీసి చూడవచ్చు. అందుకే బిడ్డ దక్కకపోయినా ఆ నిర్ధారణ కాగితం భద్రపరచమని తల్లిదండ్రుల్ని వేడుకుంటున్నాను.

గౌషే అనుమానించవలసిన గుర్తులు ఇవి: కారణం తేలని పెద్ద ప్లీహం, తగ్గని రక్తహీనత, తక్కువ ప్లేట్‌లెట్లు, ముక్కు నుంచి తరచూ రక్తం, ఎముకల్లో పోట్లు, ఎదుగుదల వెనకబడటం. నిర్ధారణకు కొద్దిపాటి రక్తం చాలు. తెల్లకణాల్లో ఆ ఎంజైమ్ పని ఎంతుందో కొలుస్తారు, తర్వాత జన్యు పరీక్ష చేస్తారు. కారణం తేలకుండా ప్లీహం తీసేయాలన్న మాట వస్తే, ముందు ఈ పరీక్ష అయిందా అని అడగండి. గౌషే రోగికి ప్లీహం తీసేస్తే ఎముకల జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని అనుభవంలో తేలింది. హైదరాబాద్‌లో ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రి కలిసి అరుదైన జబ్బులకు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన నిపుణ కేంద్రంగా ఉన్నాయి.

ఖర్చు సంగతి చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. ఎంజైమ్ మందు రెండు వారాలకోసారి జీవితాంతం ఎక్కించాలి. మోతాదు బరువును బట్టి ఉంటుంది. అంటే బిడ్డ కోలుకుని ఎదిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద, 2022 సవరణ తర్వాత, నిపుణ కేంద్రాల ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. జీవితాంతపు చికిత్సకు అది ఒక పరిమితి ఉన్న మొత్తం. అది అయిపోయిన నాడు మందు ఆపితే కొవ్వు మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది. ఆ తల్లిదండ్రులు కోర్టుల గడప ఎక్కుతున్నది అందుకే, వాళ్ల అభ్యర్థన న్యాయమైనదని నేను నమ్ముతున్నాను.

ఊరట కలిగించే సంగతి ఒకటి జరిగింది. 2023 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మన దేశంలోనే తయారైన కొన్ని అరుదైన జబ్బుల మందుల్ని ప్రకటించింది. వాటిలో ఎలిగ్లుస్టాట్ ఉంది. ఏడాదికి కోటీ 80 లక్షల నుంచి 3 కోట్ల 60 లక్షల దాకా అయ్యే ఖర్చు 3 నుంచి 6 లక్షలకు దిగుతుందని చెప్పింది. అందరు రోగులకూ అది సరిపడదు. ఒంట్లో ఆ మందు ఎంత త్వరగా కరుగుతుందో జన్యు పరీక్షతో చూసి మోతాదు నిర్ణయించాలి, కొన్ని ఇతర మందులతో కలిపి వాడకూడదు. సరిపడే రోగులు మాత్రం తమ వైద్యుణ్ని ఈ మందు పేరు పెట్టి అడగవచ్చు, నిపుణ కేంద్రంలో పేరు నమోదు చేయించుకోవచ్చు.